లేటు బండ్ల లెక్కలు

డిసెంబరు వస్తోందని నాకు ముందు మోకాళ్ళు చెబుతాయి, తరవాత పిల్లల కళ్ళు చెబుతాయి. మాది పొద్దుటి పూట నడిచే ప్రైమరీ స్కూలు. అదే బిల్డింగులో పదకొండింటి నుంచి హైస్కూలు నడుస్తుంది కాబట్టి చిన్నవాళ్ళని తెల్లవారుతూనే తోలేశారు. ఎండాకాలం ఆరున్నరకి, చలికాలం ఏడున్నరకి. ఆ ఒక్క గంటా మా మీద దయతలచి ఇస్తున్నట్టు ప్రతి ఏడూ ఒక సర్క్యులర్ వస్తుంది. అది రాసినాయన ఆ వేళకి రగ్గులో ఉంటాడని నా నమ్మకం.

ఖరగ్‌పూర్‌లోనే పుట్టాను, ఇక్కడే ముసలిదాన్నవుతున్నాను. మా నాన్న ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పని చేసేవారు. నాకు యాభై ఏడు. తెలుగు సెక్షన్‌లో నాలుగూ అయిదూ తరగతులు రెండూ నావే, ఒకే గదిలో, ఇరవైమంది పిల్లలు. గది పాతకాలం కట్టడం. కప్పు ఇద్దరు మనుషుల ఎత్తున ఉంటుంది. ఎండాకాలంలో ఆ ఎత్తుకి దణ్ణం పెడతాం, చలికాలంలో కట్టినవాణ్ణి తిట్టుకుంటాం. కిటికీకి ఒక అద్దం ఊడిపోతే పాత క్యాలెండరు తెచ్చి నేనే అంటించాను. గాలి కొట్టినప్పుడల్లా అది నాకంటే గట్టిగా మాట్లాడుతుంది.

ఆ గదిలో, మంకీ టోపీల్లోంచి కళ్ళు మాత్రమే కనబడే పిల్లలకి చదువు చెప్పాలి. చెప్పడం కష్టం కాదు, ముప్ఫై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. వాళ్ళని మేలుకొలిపి ఉంచడమే నా వల్ల కాని పని. చేతులు చంకల్లోంచి బయటికి రావు. పెన్సిలు పట్టుకోమంటే, "ఏల్లు కొంకర్లు పోతన్నాయి మేడం" అంటారు. కాదని ఎలా అనను, నావీ అంతే.

ఒక ఏడు మమ్మల్ని ట్రైనింగుకి పిలిచారు. చలికాలంలో పిల్లల ఉత్సాహం తగ్గకుండా ఏం చేయాలో రెండు రోజులు చెప్పారు. శాలువా కప్పుకుని, వేడి టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఒకావిడ చెప్పింది: పాడించండి, గెంతించండి, రంగుల చార్టులు వేలాడదీయండి. సరేనని వచ్చి అన్నీ చేశాను. పాడించాను. పాడుతుంటే నోళ్ళలోంచి ఆవిరి వచ్చింది. వెంటనే సగంమంది రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టుకుని బీడీలు కాల్చడం మొదలెట్టారు. గెంతించాను. అయిదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కింది, ఆ వేడి సుఖానికి పదో నిమిషంలో మరింత గాఢంగా నిద్రపోయారు. వాళ్ళతో పాటు గెంతినందుకు నా మోకాలు మాత్రం వారం రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

ఎండలోకి తీసుకెళ్ళాను. తొమ్మిదింటికి గాని మంచు విడదు. విడిచాక గోడ వారగా ఒక చాప పట్టేంత ఎండ పడుతుంది. అది జరిగినకొద్దీ మేమూ చాపలు లాక్కుంటూ జరిగేవాళ్ళం. మా హెడ్‌మాస్టరు బెంగాలీ ఆయన, మంచివాడే గాని మాటలో ముల్లుంటుంది. "దీదీమణి, ఆప్‌కా క్లాస్ తో గేట్ తక్ పహుంచ్ గయా" అన్నారు ఒక రోజు. మీ క్లాసు గేటు దాకా వచ్చేసిందే అని ఎత్తిపొడుపు. ఇంకో నాలుగడుగులు వేస్తే మేం రోడ్డు మీద ఉండేవాళ్ళమే. మర్నాటి నుంచి మళ్ళీ గదిలోకి వచ్చేశాం.

నిద్రపోయేవాళ్ళందరిలోకీ పెద్ద నిద్ర నాలుగో తరగతి పిల్ల ఒకత్తిది. రెండో బెంచీ చివర, గోడకి ఆనుకుని కూర్చునేది. పేరు పిలిస్తే "ప్రెజెంట్ మేడం" అని కళ్ళు మూసుకునే అనేది. మూడో తరగతంతా అలాగే నిద్రలో గడిపేసిందని ముందు చెప్పిన టీచరు నాకు అప్పగింతల్లోనే చెప్పింది. నేను మొదట్లో కేకలేశాను. తరవాత మొహం కడుక్కురమ్మని పంపాను. చలిలో చన్నీళ్ళు మొహాన కొట్టుకుని, వణుకుతూ వచ్చి, వణుకు తగ్గగానే మళ్ళీ నిద్రపోయేది.

ఒక రోజు స్కూలు వదిలాక వాళ్ళమ్మ వచ్చింది. హిజ్లీ వైపు కాలేజీ హాస్టల్లో, మెస్సులో గిన్నెలు తోమే పని. చేతులు నీళ్ళకి నానిపోయి, వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పిల్ల తండ్రి రైలు పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మ్యాన్. చలికాలం రాగానే ఆయనకి మంచు డ్యూటీ పడుతుంది. మంచులో డ్రైవరుకి సిగ్నల్ కనబడదు కదా, సిగ్నల్‌కి ముందు పట్టా మీద చిన్న మందు డబ్బీలు పెట్టాలి. చక్రం ఎక్కగానే ఢామ్మని పేలితే సిగ్నల్ దగ్గర పడిందని డ్రైవరు కనిపెట్టుకుంటాడు. వాటిని మావాళ్ళు పటాకాలంటారు. రాత్రంతా పటాకాలు పెట్టి ఆయన తెల్లవారుజామున ఇంటికొస్తాడు.

"ఇది మీ కాడ కూడా తొంగుంటందంట గదా మేడంగోరు" అంది తల్లి.

మా ఉత్తరాంధ్ర వాళ్ళకి నిద్రపోవడమంటే తొంగోవడమే. "తొంగుంటంది. మరేటి సెయ్యమంటావమ్మా, రోజూ లేపలేక సస్తన్నాను" అన్నాను.

"తిట్టకండి బాబూ. ఇంటికాడ దానికి నిద్దర నేదు. నాను నాలుగ్గంటలకి లెగిసి మెస్సుకి ఎల్లిపోతాను. అదీ నాతోనే లెగుత్తాది. అయ్యొచ్చే ఏలకి నీల్లు కాయాల, సంటోడు లెగిత్తే ఎత్తుకోవాల. ఆయన తొంగున్నాక, నానొచ్చీదాకా ఆడు ఏడవకుండా సూసుకోవాల." కొంగులోంచి మడత పెట్టిన కాయితం తీసింది. "పాస్టరుగోరు ఇచ్చినారు. అక్కడ మన ఆంధ్రా దేశంలో, సముద్రం ఒడ్డున, మిషనోల్ల స్కూలుందంట. హాస్టలుందంట. అయిదు నుంచి పది దాకా ఏటీ కట్టక్కర్నేదంట. పరీచ్చ పాసైతే సాలంట."

అప్లికేషను చదివాను. ఫిబ్రవరిలో పరీక్ష. తెలుగు చదవడం రాయడం, లెక్కలు. ఈ ఊరి నుంచి ఇద్దరు ముగ్గురికి మించి తీసుకోరు.

"అక్కడ రేత్రి తొమ్మిదికి లైటు ఆర్పేత్తారంట మేడంగోరు" అంది ఆవిడ. "తెల్లార్లూ తొంగోవొచ్చంట. ఎవులూ లేపరంట."

పిల్ల డాక్టరు కావాలనో టీచరు కావాలనో ఆవిడ అనలేదు. పిల్ల కంటినిండా నిద్రపోవాలి, అందుకు పరీక్ష పాసవాలి. ఇన్నేళ్ళలో పిల్లల చదువు గురించి ఇంత సూటిగా ఎవరూ నన్ను అడగలేదు. అప్లికేషను మీద సంతకం పెట్టి, "నేను సూసుకుంటాను" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చేసిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ వారంలోనే మంచు మరీ దట్టంగా దిగింది. మా పిల్లలు దాన్ని బెంగాలీలో కుయాసా అంటారు. గేటు దగ్గర నిలబడితే స్కూలు బావి కనబడేది కాదు. ఒక లోకో పైలట్ కొడుకు ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమిరా అంటే, "మా నాన్న ఇంకా రానేదు మేడం. బండి లేటు" అన్నాడు.

"ఎంత లేటు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"శానా."

రెండో బెంచీ చివరి నుంచి గొంతు వచ్చింది. "శానా అంటే ఎంతరా? ఆరూ నలభైకి రావాల్సిన బండి. మా అయ్య డ్యూటీ దిగినప్పుడికి రెండు టేసన్ల అవతలుందంట."

ఆ పిల్ల కళ్ళు తెరిచి మాట్లాడడం నేను చూడడం అదే మొదలు. ఆమె వెనకాలే క్లాసంతా లేచింది. మా మామ నడిపే గూడ్సు కదల్లేదని ఒకడు, పూరీ నుంచి వచ్చే బండి ఇంకా దారిలోనే ఉందని ఒకత్తి, ఫోన్లో చూసొచ్చానని మరొకడు. ఇరవై టోపీలూ పైకి లేచాయి. రైల్వే వాళ్ళ పిల్లలకి బండి లేటంటే ఇంటి సంగతే. నాన్న ఎప్పుడొస్తాడు, వంట ఎప్పుడు, ఇంట్లో ఎవరి కోపం ఎవరి మీద, అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఆ బండి తొమ్మిదీ పదిహేనుకి వస్తుందని ఫోను చూసినవాడు చెప్పాడు. పైన గంటలు, నిమిషాలు అని రాసి, మధ్య గీత గీసి, 9, 15 వేశాను. కింద 6, 40 వేశాను. పదిహేనులోంచి నలభై పోదు. పక్కనున్న గంటల్లోంచి ఒక గంట తేవాలి. గంటకి అరవై నిమిషాలు. అరవయ్యీ పదిహేనూ డెబ్భై అయిదు. అందులో నలభై పోతే ముప్ఫై అయిదు. ఇటు ఎనిమిదిలోంచి ఆరు పోతే రెండు. రెండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు లేటు. పదో నిమిషం దాటినా ఒక్కళ్ళూ నిద్రపోలేదు.

మర్నాటి నుంచి అదే మా పొద్దుటి పని. బోర్డుకి ఒక పక్క లేటు బండ్ల జాబితా. పిల్లలు చీటీల మీద రాసుకొచ్చేవాళ్ళు, అరచేతుల మీద రాసుకొచ్చేవాళ్ళు. ఏడున్నర కొట్టకముందే గదిలో ఉండేవాళ్ళు, తమ బండి ముందు ఎక్కించాలని. ఎవరి బండి ఎక్కువ లేటైతే ఆ రోజు సుద్దముక్క వాళ్ళది, బోర్డు మీద జవాబు వాళ్ళే రాయాలి. ఒక రోజు ఒకడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కడుపునొప్పా అంటే, వాళ్ళ నాన్న బండి రైట్ టైముకి వచ్చేసిందట. తండ్రి తలవంపులు తెచ్చినట్టు బాధపడ్డాడు. నేను నవ్వాను. చలికాలంలో క్లాసులో నవ్వి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

ఆ పిల్ల అందరికంటే ముందుండేది. ఆమె తెచ్చే వివరాలు ఫోన్లో ఉండేవి కావు, చలి మంటల దగ్గర వాళ్ళయ్య తోటివాళ్ళతో అనుకుని ఇంటికి మోసుకొచ్చిన మాటలవి. నీళ్ళు కాస్తూ అన్నీ అడిగి తెలుసుకునేదట. బోర్డు మీద లెక్క వేయడం పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. ఆ ఒక్క గంటా ఆమె నిద్రపోయేది కాదు. తరవాత కూడా మెల్లగా మెలకువ పెరిగింది. ఆ ఊపులోనే పరీక్షకి కావలసినవన్నీ మొదలుపెట్టాను. గుణింతాలు తడబడేది, దిద్దాను. ఎక్కాలు రావు, పదిహేను దాకా చెప్పించాను. భాగహారం మీద నెల రోజులు కూర్చున్నాం. తీసివేత మాత్రం వదిలేశాను. అందరికంటే వేగంగా చేస్తోంది కదా, దాని జోలికి వెళ్ళడం దేనికి అనుకున్నాను.

ఇంకో పని కూడా చేశాను. మొదటి రోజు పైన గంటలు, నిమిషాలు అని రాశానని చెప్పాను కదా. వారం తిరిగేసరికి అది మానేశాను. మధ్య గీతా మానేశాను. చలికి వేళ్ళు వంగవు, అందరికీ తెలిసిన మాట రోజూ ఎందుకు రాయడం? 915 వేసి కింద 640 వేసేదాన్ని, అంతే. చూసినవాళ్ళకి అది మామూలు లెక్కలాగే ఉంటుంది. మా గదిలో ఎవరికీ అలా అనిపించలేదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక శనివారం, చర్చి హాల్లో పరీక్ష. మా క్లాసు నుంచి ముగ్గురు. నేను కూడా వెళ్ళాను. తల్లి మెస్సులో సెలవు దొరక్క, పిల్లకి జడ వేసి, రెండు స్వెట్టర్లు తొడిగి నాకు అప్పగించి వెళ్ళింది. పరీక్ష పెట్టడానికి ఆ స్కూలు నుంచి రావలసిన మాస్టారి బండి మంచులో చిక్కుకుంది. మెట్ల మీద కూర్చుని, నా ఫోన్లో బండి జాడ చూసుకుంటూ ఎదురుచూశాం. ఆయన బ్యాగుతో, ఎర్రబడ్డ కళ్ళతో రిక్షా దిగి, ఆలస్యమైందని అందరినీ క్షమించమని అడిగారు.

"సార్, మీ బండి అయిదూ యాభైకి రావాల. తొమ్మిదీ అయిదుకి ఒచ్చింది. మూడు గంటల పదిహేను నిమిషాలు లేటు" అంది మా పిల్ల, నోటి లెక్కతో.

ఆయన ఆశ్చర్యపోయి ఆమె తల నిమిరారు. "ఈ పాప ఎవరండీ, భలే చురుకు!" అన్నారు. "మా క్లాసేనండి" అన్నాను. ఆ క్షణంలో నా మోకాళ్ళ నొప్పి కూడా గుర్తులేదు.

సోమవారం ముగ్గురినీ దగ్గర కూర్చోబెట్టుకుని ఏమేం అడిగారని అడిగాను. మిగతా ఇద్దరికీ సగం గుర్తులేదు. ఆ పిల్ల అంకెలు మరిచిపోదు. బోర్డు మీద తనే రాసింది. ఎక్కాలన్నీ సరిగ్గా చేసింది. భాగహారం చేసింది. తీసివేతలు నాలుగూ ఎలా చేశావే అంటే గబగబా మళ్ళీ చేసి చూపించింది. 812 లోంచి 345 పోతే, 427.

పొరబాటున ఎక్కడో తప్పిందనుకున్నాను, 467 రావాలి. ఇంకోటి చేయమన్నాను. 730 మామిడిపళ్ళలో 455 అమ్మితే మిగిలినవి ఎన్ని? 235 అని రాసి, ఎప్పటిలాగే సుద్దముక్క పట్టుకుని నా వైపు చూసింది. రావలసింది 275. ఇదీ నలభై తక్కువే. ఏడుని గంటలు చేసింది. ముప్ఫైని నిమిషాలు చేసింది. పక్కనుంచి అరవై తెచ్చుకుంది. మామూలు లెక్కలో అక్కడి నుంచి వచ్చేది వంద. వందకీ అరవైకీ తేడా నలభై. వందల్లోంచి తేవలసిన ప్రతి లెక్కలోనూ జవాబు సరిగ్గా నలభై తగ్గింది.

మిగతా ఇద్దరికీ ఇలా కాలేదు. వాళ్ళు మూడో తరగతిలో మామూలు తీసివేత నేర్చుకున్నారు, బండ్లకి ఒక లెక్క, మామిడిపళ్ళకి ఒక లెక్క అని వాళ్ళకి తెలుసు. ఈ పిల్ల మూడో తరగతి నిద్రలో పోయింది. ఆమెకి తీసివేత అంటే నేను నేర్పినదొక్కటే. నేను నేర్పింది నేర్పినట్టు, ఒక్క అంకె తేడా రాకుండా చేసింది.

నేను కుర్చీలో కూలబడ్డాను. "తప్పా మేడం?" అంది.

"తప్పు నీది కాదే. నేను సరిగ్గా నేర్పనేదు" అన్నాను. పుల్లల్ని పదేసి కట్టలు కట్టి, విప్పి, మామూలు తీసివేత చూపించాను. శ్రద్ధగా చూసింది.

"మరి బండ్లకి అరవయ్యే గదా మేడం?"

"అవును. బండ్లకి అరవయ్యే."

"బండ్లే అడిగుంటే నాకు అన్నీ ఒచ్చీసున్ను" అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అంది.

అప్లికేషను మీద ఉన్న నంబరుకి ఫోను చేశాను. ఆ మాస్టారే ఎత్తారు. సంగతంతా చెప్పాను. నాలుగు లెక్కలు నా వల్ల పోయాయని, పిల్లకి మళ్ళీ ఒక్కసారి ఆ నాలుగే పెట్టమని బతిమాలాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "లేటు చెప్పిన పాప కదండీ? గుర్తుంది" అన్నారు. తరవాత, "మీ బాధ అర్థమైంది మేడం. కానీ అందరికీ ఒకే పరీక్ష కదా. ఒకరికి మళ్ళీ పెడితే మిగతావాళ్ళకి ఏం చెప్పమంటారు?" అన్నారు. నేనైనా అదే అనేదాన్ని. ఫోను పెట్టేశాను.

రిజల్టు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆలోపు తల్లికి చెప్పి ఉండాలి. చెప్పలేదు. మిగతా లెక్కలన్నీ ఒప్పే కదా, తెలుగు బాగానే రాసింది కదా, ఏమో గట్టెక్కుతుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. బోర్డు మీద లేటు బండ్ల జాబితా మాత్రం తుడిచేశాను. పిల్లలు ఎందుకు మేడం ఎందుకు మేడం అని నా ప్రాణం తీశారు. మంచు తగ్గింది, బండ్లు టైముకి వస్తున్నాయి అన్నాను. రెండు రోజుల్లో టోపీలు మళ్ళీ డెస్కుల మీదకి వాలిపోయాయి.

చర్చి హాలు తలుపుకి కాయితం అంటించారు. మా ముగ్గురిలో లోకో పైలట్ కొడుక్కి సీటు వచ్చింది. మా పిల్ల పేరు లేదు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది, ముందు చిన్న వరండా. లోపల తండ్రి తల మీదుగా దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. ఆయన్ని లేపకూడదు, అందుకని ఆ ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడతారు. తల్లి నన్ను చూసి పీట వేసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా, "రండి మేడంగోరు" అంది. పిల్ల తమ్ముణ్ణి చంకనెత్తుకుని గోడ వార నిలబడింది. నా వైపు చూడలేదు.

"సూసినారు గదా" అంది తల్లి. "మీరెంత కట్టపడ్డారు దీని కోసం. పాస్టరుగోరు కూడా పార్దన సేసినారు. ఇదేమో అక్కడ కూడా తొంగున్నాదంట. లెక్కలు సెయ్యకుండా తొంగున్నాదంట మేడంగోరు. దాని నోటితో అదే సెప్పింది. ఒక్క పూట, ఒక్క పూట మేలుకోనేకపోనాది."

పిల్ల వైపు చూశాను. తమ్ముడి స్వెట్టరు గుండీ పెడుతూ ఉంది. పెట్టిన గుండీనే తీసి మళ్ళీ పెడుతోంది. ఆ రోజు బోర్డు దగ్గర తప్పు నాదని ఆమెకి నేనే చెప్పాను. వాళ్ళమ్మ నా మీదకి రాకుండా, తొంగున్నానని ఇంట్లో చెప్పేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. అమ్మ తన మాట నమ్ముతుందని తెలిసే ఆ అబద్ధం ఎంచుకుంది.

ఆ నిమిషంలో ఊరుకుంటే నాకు పోయేది ఏమీ లేదు. తల్లి నన్ను మెచ్చుకుంటోంది. పిల్ల ఎవరికీ చెప్పదు. ఇంకో మూడేళ్ళలో నేను రిటైరైపోతాను. ఇవన్నీ నా బుర్రలో తిరిగాయి, తిరగలేదని అబద్ధం ఆడను.

"అది తొంగోనేదమ్మా" అన్నాను. నా గొంతు కాస్త పెద్దదయింది, లోపల దుప్పటి కదిలింది. మళ్ళీ గుసగుసగా చెప్పాను. "ఒక్క నిమిషం కూడా తొంగోనేదు. లెక్కలన్నీ సేసింది. నేను తప్పు నేర్పినాను. బండ్ల లెక్క నేర్పి, మావూలు లెక్క నేర్పడం మరిచిపోనాను. నేను సెప్పినట్టే సేసింది, అందుకే పోయినాది. దాని తప్పు ఏటీ నేదు."

ఆవిడ నన్ను చూసింది, పిల్లని చూసింది. "ఏటే?" అంది. "మేడంగోరు సెప్పింది నిజమేనా?" పిల్ల తల ఊపింది.

ఆవిడ నన్ను ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ పిల్ల వైపే తిరిగి, "అయితే నిన్న నాను దీన్ని కొట్టింది..." అని ఆగిపోయింది.

"మెల్లిగానే కొట్టినావమ్మా" అంది పిల్ల.

తల్లి లేచింది. పిల్ల చంకలోంచి తమ్ముణ్ణి తీసుకుంది. మూల నిలబెట్టిన చాప తెచ్చి వరండాలో పరిచి, తన శాలువా తీసి దాని మీద వేసింది. "తొంగో" అంది.

పిల్ల అమ్మ మొహం వైపు, నా మొహం వైపు చూసింది. పట్టపగలు, ఇంట్లో పనులన్నీ అలాగే ఉండగా తొంగోమంటే ఏం చేయాలో ఆమెకి తెలియలేదు. మరొకసారి చెబితే పడుకుంది. శాలువా గడ్డం దాకా లాక్కుని, నిమిషం తిరక్కుండా నిద్రపోయింది.

చంటివాణ్ణి భుజాన వేసుకుని తట్టుకుంటూ, నా వైపు చూడకుండా తల్లి మాట్లాడింది. "రేపు ఇది స్కూలుకి రాదు మేడంగోరు. తొంగుంటాది. ఎల్లుండి పంపుతాను. సరిగ్గా నేర్పండి."

అలాగేనమ్మా అన్నాను, పిల్ల లేవకుండా.